కొత్త నీళ్ల మీద

కృష్ణ పాతదే. సోమశిల రేవు ముందు పరుచుకుని ఉన్న ఈ నీళ్లు మాత్రం కొత్తవి. శ్రీశైలం దగ్గర నెహ్రూ శంకుస్థాపన చేసింది 1963లో. ఎనభయ్యో దశకం మొదట్లో ఆనకట్ట నీటిని నిలపడం మొదలుపెట్టాక, నల్లమల కొండల మధ్య ఉరికే నది వెనక్కి వెనక్కి నిండుతూ కొల్లాపూర్ పొలిమేరల దాకా వచ్చింది. నీటి వయసు నలభై ఏళ్లు దాటి కొంచెం. నది లెక్కలో అదొక వయసే కాదు. మనుషుల లెక్కలో ఒక తరం పుట్టి, పెరిగి, తన పిల్లల పెళ్లిళ్లు చేసేంత కాలం.

పొద్దు పొడవకముందు ఈ నీళ్ల పక్కన కూర్చుంటే ఒక ఆలోచన తరచుగా వస్తుంది. నది ఒడ్డున బతికేవాళ్లకు నది గురించి తాతలు చెప్పిన మాటలు ఉంటాయి. ఎక్కడ లోతు, ఎక్కడ సుడి, ఏ నెలలో ఏ బండ తేలుతుంది, ఎక్కడ మొలలోతు నీళ్లలో నడిచి దాటొచ్చు. ఆ తెలివిడి ఊళ్లతో పాటే మునిగిపోయింది. ఇప్పుడున్న ఈ వెడల్పు గురించి ఏ తాతా ఏమీ చెప్పి పోలేదు. ఆ తాతలు దీన్ని చూడలేదు. ఎంత అనుభవం ఉన్నా, దీని మీదికి వెళ్లే ప్రతి ఒక్కరూ ఒక విధంగా కొత్తవాళ్లే.

అది లోటో వరమో నాకు తేలదు.

పాత నదికి పుట్టి సరిపోయేది. వెదురు బద్దల అల్లిక, దాని మీద ఒకప్పుడు తోలు, తర్వాత తారు పూసిన పట్టా, ఇప్పుడు ఫైబర్. 1520 ప్రాంతంలో విజయనగరం చూడవచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ తుంగభద్రలో వీటిని చూశాడు. పదిహేను ఇరవై మందిని ఎక్కించుకుంటాయనీ, అవసరమైతే గుర్రాలనూ ఎద్దులనూ మోస్తాయనీ, అయితే మిగతా పడవల్లా తిన్నగా పోలేక తిరుగుతూనే ఉంటాయనీ రాసుకున్నాడు. అయిదు వందల ఏళ్లలో పుట్టి స్వభావం ఏమీ మారలేదు. దానికి ముందూ లేదు, వెనుకా లేదు. దిక్కు గురించి పుట్టికి బెంగ అక్కర్లేదు, నదికే ఒక దిక్కు ఉంది గనక.

నీళ్లు ఆగాక దిక్కును ఎవరికి వారు పెట్టుకోవాల్సి వచ్చింది. ప్రవాహం సద్దుమణిగిన చోట గాలి పెద్దదయింది. ఇంత వెడల్పు నీటి మీద దానికి అడ్డేమీ లేదు. కొండల సందుల్లో ఇరుక్కుని, బయటపడిన చోట ఒక్కసారిగా విసురుతుంది. విశాఖ వైపు నుంచి చేపల కోసం వచ్చి ఈ ఒడ్ల వెంట గుడిసెలు వేసుకున్నవాళ్లకు గాలి తెలుసు, సముద్రం నేర్పింది. వాళ్ల అలివి వలల మీద ఇక్కడి జాలరులకు కోపం, వేలెడు లేని పిల్ల చేపల్ని కూడా ఊడ్చుకుపోతాయని. ఆ కోపంలో న్యాయం ఉంది. అయినా తగవు పడుతున్నవాళ్ల చేతుల్లోకి కూడా కళ్లు చూస్తూనే ఉంటాయి, ముడి ఎలా వేస్తున్నారో, తాడు ఎప్పుడు వదులుతున్నారో.

అలా చూసి నేర్చుకున్న జంట ఒకటి ఉంది. ముప్ఫై దాటి ఉంటారేమో ఇద్దరూ. ఇన్నాళ్లూ ఇంకొకరి పడవ మీద వాటాకు పోయేవారట. ఈమధ్యే సొంతానికి ఒక చిన్న కట్టెపడవ కొనుక్కున్నారు. తమ తీరానికి తిరిగి వెళ్లిపోతున్న ఒక కుటుంబం అమ్ముకున్నది అది, చాలా నీళ్లు చూసినది. వీళ్లకు మాత్రం కొత్తది. అడుగుకు తారు పూశారు. ముక్కుకు పసుపు రాసి కుంకుమ పెట్టారు, నిమ్మకాయలు కట్టారు. తెరచాప ఏదో ఎన్నికల్లో మిగిలిన ఫ్లెక్సీ. గాలి నిండినప్పుడు ఒక నాయకుడి సగం ముఖం, జోడించిన రెండు చేతులు తలకిందులుగా ఉబ్బుతాయి. ఆయన గెలిచాడో ఓడాడో ఇక్కడ ఎవరికీ పట్టినట్టు లేదు. దండం మాత్రం శ్రద్ధగా కొండలకు పెడుతూ పోతున్నాడు.

మొదట్లో వాళ్లు వల లేకుండా వెళ్లారు. ఆ సంగతి నేను గమనించలేదు. ఒడ్డున బీడీ ముట్టించుకుంటున్న ముసలాయన గమనించాడు.

"వల మరిసినవారా?"

"మరువలే తాతా. తీస్కపోలే."

"మరెందుకు పోయినట్టు?"

అతను భార్య వైపు చూశాడు. ఆమె తెడ్డు కడుగుతూ, "ఊకెనే. ఎట్ల పోతదో సూద్దామని," అంది.

ముసలాయన తల ఊపాడు. మెచ్చుకుని ఊపాడో, వీళ్లు బాగుపడరని ఊపాడో ఆ ముఖంలో దొరకలేదు.

ఆ మాట నన్ను చాలాసేపు పట్టుకుంది. పడవ వెనుక అప్పు ఉండే ఉంటుంది. వల వేయని పూట అంటే బొచ్చెలో రవ్వలో కొన్ని పోయినట్టే, సంత పోయినట్టే. అయినా ఆ పూటను వాళ్లు ఖర్చు రాసుకున్నట్టు కనబడలేదు. కొత్త ఎడ్లు కొన్న రైతు మొదటి రోజే కాడి మెడకెత్తడు. ఊరి చుట్టూ ఒకసారి నడిపించుకొస్తాడు, వాటి నడక చూసుకోవడానికి, బహుశా నలుగురికి చూపించుకోవడానికి కూడా. పనికోసమే తెచ్చుకున్నదాన్ని పనిలో పెట్టకముందు కాసేపు అదేమిటో చూడటం. ఆ కాసేపూ దాటిపోయాక, తిరిగి దొరుకుతుందా? నాగలికి కట్టిన ఎద్దును మళ్లీ ఎద్దులా చూడటం ఎవరికైనా సాధ్యమేనా?

సంతోషం సొంతదారు కావడంలో ఉందని అనుకోవడం సులభం. వాళ్లను చూస్తే అదొక్కటే కాదేమో అనిపిస్తుంది. ఎందుకంటే ఆ పడవ చుట్టూ ఉన్నవేవీ వాళ్లవి కావు. నీళ్లు రెండు రాష్ట్రాలవి. వాటిని టీఎంసీల్లో కొలుచుకుని, ఉత్తరాలు రాసుకుని, పంచుకుంటారు. అడుగున మునిగి ఉన్న భూమి ప్రాజెక్టుది. గాలికి పట్టా లేదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో ఒక అభయ శాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుఫానుకు కొట్టుకొచ్చి ఒడ్డున పడ్డ ఓడల సరుకంతా తమదేనని లాక్కునేవారు. తాను నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోనని మాట ఇచ్చాడు. గాలి తెచ్చిపెట్టినది ఎవరిదన్న తగవు అంత పాతది. వీళ్లకు గాలి ఏమీ తెచ్చిపెట్టడం లేదు, కాసేపు మోస్తున్నది అంతే. ఆ మోయడం ఎవరి ఖాతాలో రాయాలి?

పడవ చిన్నది కావడం కూడా ఒక కారణమేమో. చిన్నదాన్ని పూర్తిగా తెలుసుకోవచ్చు. ఏ పలక దగ్గర చెమ్మ వస్తుందో, ఏ మేకు వదులైందో, ఎటువైపు కూర్చుంటే ఎంత ఒరుగుతుందో. పూర్తిగా తెలిసిన వస్తువు ఒక్కటైనా ఉండటం మనిషికి ఎంత ఊరట! జేబులో ఫోను ఎలా పనిచేస్తుందో నాకు తెలియదు. తాగే నీళ్లు ఏ పంపుహౌసు నుంచి ఏ గొట్టంలో వస్తాయో కూడా సరిగ్గా చెప్పలేను, కల్వకుర్తి ఎత్తిపోతలకు నీళ్లు తోడేది ఈ చుట్టుపక్కలే అయినా.

హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ మీద పిల్లలు నడిపే పడవ ఒకటి ఉంది, ఆప్టిమిస్ట్ అంటారు. 1947లో అమెరికాలో, ఫ్లోరిడాలోని క్లియర్‌వాటర్ అనే ఊళ్లో, క్లార్క్ మిల్స్ అనే పడవల పనివాడు దాన్ని గీశాడు. రెండు ప్లైవుడ్ పలకలతో ఇంట్లో కట్టుకునేలా ఉండాలి, డబ్బు లేని ఇంటి పిల్లవాడికీ అందాలి అన్నది అతనికి చెప్పిన షరతు. పొడవు రెండు మీటర్ల ముప్ఫై సెంటీమీటర్లు. ఒక పిల్ల, ఒక తెరచాప, ఒక చుక్కాని. 2009లో మొదలైన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ బస్తీల పిల్లలను, ప్రభుత్వ బడుల పిల్లలను ఇలాంటి పడవల్లో కూర్చోబెడుతోంది. ఈ ఆటలో పిల్లలకు తొలినాళ్లలోనే నేర్పే పాఠం పడవను బోర్లా పడేయడం, దాన్ని మళ్లీ లేపి ఎక్కడం. భయాన్ని ముందే ఒకసారి రుచి చూపించేస్తారన్నమాట. తర్వాత గాలి మీద చూపు నిలుస్తుంది.

ఆ చిన్న పడవకు, ఫ్లెక్సీ పడవకు ఒక తేడా ఉంది. ఆప్టిమిస్ట్ మధ్యలో నీళ్లలోకి దించే పలక ఉంటుంది. గాలి పక్క నుంచి వచ్చి తెరచాప వంపు మీదుగా జారుతుంది, ఆ వంపు పడవను లాగుతుంది. పక్కకు కొట్టుకుపోకుండా పలక నీళ్లను పట్టుకుంటుంది. అందుకే గాలికి నేరుగా ఎదురు పోలేకపోయినా, అటు కొంత ఇటు కొంత ఏటవాలుగా కోసుకుంటూ ఎగువకు చేరగలదు. కట్టెపడవకు అడుగు చదును. గాలి వెనుక ఉంటే పోతుంది, పక్కన ఉంటే జారుతుంది, ఎదురైతే ఫ్లెక్సీ దించి తెడ్డు పట్టాల్సిందే. వానాకాలం పడమటి గాలి వాళ్లను సిద్ధేశ్వరం కొండల వైపు ఉచితంగా తీసుకెళ్తుంది. తిరుగు కూలీ భుజాలు కట్టుకోవాలి.

అందువల్ల వాళ్లు ఎంత దూరం పోవాలన్నది పోయేటప్పుడే లెక్క వేసుకోవాలి. హాయిగా సాగుతున్న వేళలోనే తిరిగి వచ్చే బరువు గుర్తుంచుకోవాలి. ఇది ఆనందాన్ని తగ్గిస్తుందా, దానికో అంచు కట్టి నిలబెడుతుందా అని ఆలోచిస్తాను. అంతు లేని హాయి ఎలా ఉంటుందో నేను ఎరగను. ఉంటే, బహుశా నిద్ర వస్తుంది.

ఆమె ముందు కూర్చుంటుంది, అతను వెనుక. గాలి తగలకముందే నీళ్ల మీద ఒక నల్లటి మరక కదులుకుంటూ వస్తుంది, సన్నగా ముడతలు పడి. దాన్ని ఆమె చూస్తుంది. చెయ్యి కొంచెం లేస్తుంది. అతను తాడు వదులు చేస్తాడు. గాలి వచ్చి, నాయకుడి ముఖం మీద కొట్టి, సగం ఖాళీగా పోతుంది. మాటలేమీ ఉండవు. ఒడ్డు మీద ఈ దంపతులు పోట్లాడుకోరని కాదు. రేవులో అందరికీ వినబడేలా పోట్లాడుకుంటారు, ఎక్కువగా వెయ్యి రూపాయల లోపు విషయాల మీద. నీళ్ల మీదికి పోగానే ఇద్దరి చూపూ ఒకదాని మీదికి పోతుంది. మనసు నిలపడం అంటూ ధ్యానాలు చేసేవాళ్లం మనం. నిలవడం మనసు చేసే పనా, లేక నిలిపే వస్తువు ఎదురుగా ఉంటే దానంతట అది జరిగేదా? మరబోటులో కూర్చుంటే నా మనసు సోమశిల దాటకముందే ఇంటి పన్ను దాకా పోతుంది. ఆ తప్పు మనసుది కాదేమో, మోటారుదేమో.

ఒక్కో ఉదయం ఈ ఆలోచనలేవీ అంత తేలికగా సాగవు. పడవ కింద ఏముందో గుర్తొస్తుంది.

నీళ్లు 885 అడుగులకు నిండితే ఇక్కడ కనబడేదంతా అందమే. కార్తీకంలో జనం వచ్చి ఫొటోలు దిగుతారు, సప్తనదుల సంగమం అంటూ మునుగుతారు. వేసవి దగ్గరపడేకొద్దీ నీళ్లు దిగిపోయి, అవతల సంగమేశ్వరంలో వేపమొద్దు శివలింగం బయటపడుతుంది, పూజలు మొదలవుతాయి. దేవుడితో పాటు ఇంకా కొన్ని బయటపడతాయి: మొండిగోడలు, ఇంటి కడపలు, ఒరలు ఊడిన బావులు. దేవుళ్లకు అప్పట్లో మంచి ఏర్పాటే జరిగింది. సోమశిల సోమేశ్వరుణ్ణి, జటప్రోలు మదనగోపాలుణ్ణి, మంచాలకట్ట మాధవస్వామిని రాళ్లకు అంకెలు వేసి విప్పి, మెరక మీద మళ్లీ పేర్చారు. మంచాలకట్ట స్వామి ఇప్పుడు కొల్లాపూర్‌లో ఉన్నాడు. మనుషుల ఇళ్లకు అంకెలు వేయలేదు. ముంపు కుటుంబాల వాళ్లకు ఉద్యోగాలిస్తామని 1986లో జీవో 98 వచ్చింది. ఆ నంబరు ఈ పక్క ఊళ్లలో చదువు రానివాళ్లకు కూడా నోటికొచ్చు. దాన్ని పట్టుకుని కచేరీల చుట్టూ తిరిగిన కుర్రవాళ్లు తిరుగుతూనే ముసలివాళ్లయ్యారు.

బీడీ తాగే ఆ ముసలాయనది కూడా నీళ్లలో పోయిన ఊరే. నీళ్ల మీద ఒకచోట చూపించి, "ఆడ మా చింతచెట్టు," అన్నాడొకసారి. అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేవు. ఆయన చెప్పిన చోటి మీదుగానే ఆ జంట పడవ గాలికి పోతుంది. ఆయన చింతచెట్టు కొమ్మల మీదుగా వాళ్లు తేలుతున్నారని నేను అనుకున్నాను. ఆయన ఏమనుకుంటాడో. ఎప్పుడూ వాళ్లను తిట్టినట్టు చూడలేదు. తాడు బిగుసుకుంటే చెయ్యి వేసి విప్పిపెడతాడు కూడా.

ఇంకొకరి నష్టం మీద తేలుతున్న సంతోషాన్ని సంతోషమనే అనాలా? అనకూడదంటే, మరి ఏ నేల మీద నిలబడి నవ్వాలి? హుస్సేన్ సాగర్‌ను ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 1562 ప్రాంతంలో తవ్వించారు. ఆ నీళ్ల కింద కూడా ఎవరి జొన్నచేనో, ఎవరి కొట్టమో ఉండే ఉంటుంది. ఇవాళ దాని మీద పిల్లల తెరచాపలు చూసి ఎవరికీ గుండె బరువెక్కదు. అంటే దుఃఖానికి కూడా ఒక గడువు ఉంటుందా? నాలుగున్నర వందల ఏళ్లకు తీరేది, నలభై ఏళ్లకు తీరకపోవడం న్యాయమే. మధ్యలో ఎక్కడ తీరుతుంది? ముసలాయనతో తీరుతుందా, ఆయన మనవలతోనా? తీరడం మంచిదేనా?

ఈ నీళ్లు తీసుకున్నవి ఊళ్లనే కాదు. 2007 జనవరిలో మంచాలకట్టకు వస్తున్న పడవ మునిగి 61 మంది పోయారు. ఆ తర్వాత ఈ రేవుల్లో పడవ ఎక్కేవాళ్లు ఒక క్షణం ఆగడం అలవాటయింది. ఆ జంట పడవలో కూడా లైఫ్ జాకెట్ ఒకటి ఉంది, ఒక్కటే. ఎవరు వేసుకోవాలన్నది తేలక, దాన్ని మడిచి కిందేసుకుని కూర్చుంటారు. చూసినప్పుడల్లా నాకు చిరాకు వేస్తుంది. రెండోది కొనుక్కోమని చెప్పాలనుకుంటాను, ఫ్లెక్సీ దించే తొందరలో వాళ్లు, సిగ్గు వల్ల నేను, మాట దాటిపోతుంది. తృప్తి గురించి ఇంత ఆలోచించే మనిషి ఒక జాకెట్ గురించి నోరు విప్పలేకపోవడం ఏమిటో.

కొత్తదనం ఎన్నాళ్లుంటుందన్నది ఇంకో సందేహం. పడవది ఒక వానాకాలం ఉంటుందేమో. నీళ్లకైనా ఉందా? శ్రీశైలం జలాశయం కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టేది. ఎగువ నుంచి వచ్చే ఒండ్రు పేరుకుని ఇప్పుడు 215కు దిగింది. అంటే ఇంత పెద్ద చెరువు కూడా నిశ్శబ్దంగా పూడుతోంది, తొంభై టీఎంసీల మేర ఇప్పటికే మట్టి. వేసవిలో ఆ ఒండ్రు తేలిన చోట రైతులు విత్తనం వేసుకుంటారు. కొన్నాళ్లు పడవ పోయిన చోట కొన్నాళ్లు చేను. ఇది ఎవరికీ వింతగా లేదు. ఏది ఎన్నాళ్లుంటుందో తెలియకుండానే మనుషులు దాన్ని తమదనుకోవడం, రంగు వేసుకోవడం, పసుపు రాసుకోవడం నాకు మాత్రం ఇప్పటికీ వింతే. తెలిసి ఉంటే రాసుకునేవాళ్లు కాదా? రాసుకునేవాళ్లేననుకుంటాను. పసుపు ఖరీదెంత.

సోమశిల నుంచి సిద్ధేశ్వరానికి కృష్ణ మీద వంతెన కడతామని 2022లో కేంద్రం ఒప్పుకుంది, 1,082 కోట్లు అన్నారు. తీగల వంతెన, దాని మీద అద్దాల నడకదారి. వచ్చిన రోజున అవతలి ఒడ్డుకు మనుషుల్ని దాటించే పడవలకు పని తగ్గుతుంది. రేవులో దీని మీద చర్చలు బాగానే నడుస్తాయి, ఎక్కువగా మరబోట్ల వాళ్ల మధ్య. ఆ జంట ఆ గుంపులోకి పోరు. వాళ్లది దాటించే పడవ కాదు. ఒక ఉదయం నేనే అడిగాను, వంతెన పడితే ఇక్కడ ఎలా ఉంటుందో అని.

"చేపలకు వంతెనతోని ఏం పని సారు," అన్నాడతను.

ఆమె వినలేదు. ఫ్లెక్సీ అంచు చిరిగిన చోట దబ్బనంతో కుడుతోంది. నాయకుడి మోచేతి దగ్గర కుట్టు పడుతోంది.

"వచ్చే ఎలక్షన్లల్ల ఇంతకంటె పెద్దది దొరుకుతది," అంది కాసేపటికి, నాతో కాదు.

"పెద్దదైతే గడ ఆగదు," అన్నాడతను.

"గడ మార్సు."

"గడ మారిస్తే పడవ ఆగదు."

ఆమె దారం కొరికి, ముడి వేసి, పైకి చూసింది. పెద్ద తెరచాపకు తగ్గ గడ ఎక్కడ దొరుకుతుందో, అమరగిరి వైపు వెదురు ఎంత పలుకుతుందో ఇద్దరూ లెక్క వేయడం మొదలుపెట్టారు.